భానుశ్రీ అభిప్రాయం

"ఇది అభిప్రాయం కాదు, పచ్చి అబద్ధం!" అంటూ హెలెన్ టీచర్ కాగితాన్ని బల్ల మీద కొట్టింది.

ఎదురుగా నిలబడ్డ పదో తరగతి భానుశ్రీ రెప్ప కూడా వెయ్యలేదు. "అబద్ధం కాదు టీచర్."

అమ్మానాన్నలు విడాకులు తీసుకుంటే ఒక పిల్ల ఎలా తట్టుకుందో చెప్పే నవల గురించి ఈ గొడవంతా. స్కూలు లైబ్రరీలో ఉన్న మూడు కాపీలనే చేతులు మార్చుకుంటూ క్లాసంతా చదివింది. అభిప్రాయాలు రాయమంటే మిగతా నలభై మందీ కూడబలుక్కున్నట్టు కన్నీళ్ళు ఆగలేదనే రాశారు. భానుశ్రీ ఒక్కతే రచయిత్రితో తగువు పెట్టుకుంది. అది టీచర్‌కి తెగ నచ్చింది. ఎల్లుండి గుంటూరులో జరిగే పాఠకుల సభకి ఆ పిల్ల పేరే రాసింది. స్కూలుకి ఒక్కరికే అవకాశం. నవల రాసినావిడ ఎదుటే నిలబడి మాట్లాడొచ్చు.

రాసిన పేరు కొట్టెయ్యడానికి ఇప్పుడు ఎర్రపెన్ను మూత తీసింది.

"ఏం రాశావో నువ్వే చదువు."

భానుశ్రీ గొంతు సవరించుకుని నింపాదిగా చదివింది. "నవలలో పిల్ల నూటపాతిక పేజీలు ఏడుస్తుంది. నాన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే ఇల్లు బోసిపోయిందంటుంది. మా అమ్మకీ నాన్నకీ కోర్టులో విడాకులై ఏడాది దాటింది. నేను వారం రోజులు ఏడ్చాను. ఆ తర్వాత ఏడవడానికి తీరిక దొరకలేదు. రచయిత్రిగారు మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంటే ఇంకో నవల రాస్తారు."

"విడాకులట, విడాకులు! నీ పేరు రాశాక, మొన్న శనివారం చీర కొందామని మీ వీధికొస్తే మీ ఇల్లు ఇదేనని చూపించారు. ఈ కళ్ళతోనే చూశాను. మీ నాన్న మగ్గం మీద, మీ అమ్మ ఆ పక్కనే. ఇద్దరూ చూడముచ్చటగా ఉన్నారు. సభలో మాట్లాడ్డం కోసం వాళ్ళ కాపురాన్నే కూల్చేస్తావా? బుద్ధుందా?"

"చెబితే నమ్మరు టీచర్. సాయంత్రం మా ఇంటికి రండి. చూశాక మీ ఇష్టం."

"వస్తాను. వచ్చి అబద్ధమని తేలిందో, నీ పేరు కొట్టెయ్యడమే కాదు, రేపు ప్రేయర్‌లో అందరి ముందూ ఒప్పుకోవాలి."

"అలాగే టీచర్. మరి నిజమైతే?"

అబ్బో, పొగరు! "నిజమైతే నేనే దగ్గరుండి నిన్ను గుంటూరు తీసుకెళ్తా. సరేనా?"

"సరే టీచర్."

హెలెన్‌కి తన మీద తనకి మా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ సర్వీసు మరి. పొన్నూరులో పనిచేసినన్నాళ్ళూ, పిల్లలు నోరు తెరవకముందే అబద్ధం పట్టేస్తుందని పేరు. మొన్న జూన్‌లోనే చీరాలకి బదిలీ అయింది. ఊరు కొత్తయితే కావచ్చు గానీ, పిల్లలు కొత్తా?

సాయంత్రం అయిదున్నరకి భానుశ్రీ వెంట పేరాలలో ఆ ఇంటి గడప తొక్కింది. ముందు గదిలో సగం మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని తండ్రి కోటి నేస్తున్నాడు. పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తల్లి రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుడుతోంది.

"రండమ్మా, కూర్చోండి. శుక్రవారానికి చీర దిగాలి, లేవలేకపోతున్నా. ఏమనుకోకండి" అన్నాడు కోటి.

"భానూ, టీచరుగారికి మంచినీళ్ళు తేవే" అంది తల్లి.

హెలెన్ కుర్చీలో కూర్చుని తనివితీరా చూసింది. కోటి తల తిప్పకుండానే చెయ్యి చాచాడు. ఆవిడ తల ఎత్తకుండానే కండె అందించింది. ఏ రంగుదని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పనూ లేదు. పావుగంటలో ఒక్క మాట లేదు, పని మాత్రం చకచకా సాగిపోతోంది. ఎంత అన్యోన్యత! ఇంట్లో తనూ, భర్త మార్కూ టీవీ రిమోట్ కోసం కూడా వీధంతా వినబడేలా అరుచుకుంటారు. ఇంత చక్కటి కాపురం మీదా ఈ పిల్ల విడాకులని రాసింది!

మంచినీళ్ళు తెచ్చిన భానుశ్రీ వైపు 'ఇప్పుడేమంటావ్?' అన్నట్టు చూసింది. భానుశ్రీ గ్లాసు అందించి గోడకి ఆనుకుని నిలబడింది. బెదురన్నది లేదు. హెలెన్‌కి ఒళ్ళు మండింది.

"మీ అమ్మాయి మీ గురించి ఏం రాసిందో చదువుతాను, ఇద్దరూ వినండి" అని సంచిలోంచి కాగితం తీసింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, విడాకులన్న చోట ఒత్తి పలికి మరీ చదివింది.

మగ్గం ఆగింది. రాట్నం ఆగింది. ఇద్దరూ కూతురి వంక చూశారు. కోటి కళ్ళు చెమర్చాయి. పాపం, కన్నవాళ్ళు, ఎంత నొచ్చుకున్నారో! ఇప్పుడు పడతాయి దీనికి రెండు దెబ్బలు అనుకుంది హెలెన్.

తల్లి లేచింది. చీరకంటుకున్న నూలుపోగులు దులుపుకుంది. భానుశ్రీ దగ్గరికొచ్చి తల నిమిరింది. గూట్లోంచి ఖాళీ టిఫిన్ క్యారియర్ తీసుకుని, గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

"బాగా రాశావే భానూ. నేను మా ఇంటికెళ్తున్నా, పొద్దున తొమ్మిదింటికొస్తానని మీ నాన్నకి చెప్పు."