సులువు అన్న మాట

ఆవిడ ప్రెస్సులోకి రాగానే ఓనరు లేచి, ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్లిపోయాడు.

లోపల ఇద్దరు మిగిలారు. లోయలో రాళ్లెక్కేవాళ్లకు ఏ బండను ఎటునుంచి ఎక్కాలో చెప్పే పుస్తకం రాసిన ఆయన ఒకరు. ఆ పుస్తకం కొత్త ముద్రణకు ప్రూఫులు దిద్దుతున్న రిటైర్డ్ మాస్టారు ఇంకొకరు. మాస్టారు ఊరికి కొత్త, పనికీ కొత్త.

"ఏం కావాలమ్మా?" అన్నాడు మాస్టారు కుర్చీ జరుపుతూ.

"మేనత్త మెట్లు ఉన్న పేజీ చూడాలండి."

ఆ లోయలో దారుల పేర్లు అలాగే ఉంటాయి. మొదట ఎక్కినవాళ్లు నోటికి ఏది వస్తే అది పెట్టేస్తారు. పిల్లినడక, బట్టతల బండ, మేనత్త మెట్లు. వాటిని దిద్దుతూ మాస్టారు పొద్దుటినుంచీ తనలో తనే నవ్వుకుంటున్నాడు. పేజీ తీసి ఇచ్చాడు.

ఆవిడ ఒకచోట రెండు వాక్యాల మీద వేలు పెట్టింది. 'చాలా సులువు. తాడు లేకుండానే ఎక్కవచ్చు.'

"వానలకి రాయి వదులైందట. పట్టుకోగానే ఊడొచ్చింది" అంది. "పోయింది మా అబ్బాయేనండి."

మాస్టారి మొహంలో నవ్వు ఎటో పోయింది. రచయిత తల ఎత్తలేదు. ఎర్ర పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

"ఈ పేజీ తీసేయించమంటారా అమ్మా?" మాస్టారే అడిగాడు.

"వద్దండి. వాడికి ఇష్టమైన దారి. ఉండనివ్వండి. సులువు అన్న మాట కొట్టేస్తే చాలు."

"అది సులువే" అన్నాడు రచయిత, బస్సు వేళ చెప్తున్నట్టు. "నేను ఎన్నోసార్లు ఎక్కాను. సులువే."

"తెలుసు" అంది ఆవిడ. "వాడూ అదే అన్నాడు. పుస్తకంలో ఉందిగా అని తాడు ఇంట్లో కొక్కేనికే వదిలేసి వెళ్లాడు. ఇంకా అక్కడే ఉంది."

ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే రచయిత అరచేత్తో అదిమి పెట్టాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. "ఏమండీ, ఆ తల్లి కడుపుకోతతో వచ్చి అడుగుతుంటే సులువే, సులువే అంటారేంటి? మీకూ పిల్లలుంటే తెలిసేది!"

"ఆయన్నేమీ అనకండి" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

రచయిత పేజీని ఆవిడ ముందుకు జరిపి, పెన్ను దాని మీద పెట్టాడు. ఆ వాక్యాలు రెండూ ఆవిడే కొట్టేసింది. గీత వంకరగా వచ్చింది.

"దీని బదులు ఏం రాస్తారు?" అంది.

"తాడు తప్పనిసరి."

"సరే."

రచయిత రాయడం మొదలుపెట్టాడు. 'తప్ప' దగ్గర పెన్ను ఆగింది. కాసేపు అక్కడే ఉంచి, తర్వాత పూర్తి చేశాడు. ఆవిడ కూడబలుక్కుంటున్నట్టు చదివి, సంచి భుజానికి తగిలించుకుంది.

మాస్టారు లేచి నిలబడి చేతులు జోడించాడు.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే రచయితతో అంది: "సాయంత్రం వచ్చేటప్పుడు పాలు పట్టుకురండి, ఇంట్లో నిండుకున్నాయి."