అడిగిన మర్నాడు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ పూర్తయ్యాక, "ఎంతవరకు పనిచేసిందో ఇప్పుడే చెప్పలేం, చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ మాట దర్జీకి మింగుడుపడలేదు.

ఆ వారమే, చీకటిపడి దుకాణం కట్టేసే వేళకి ఫోను మోగింది. "ఆసుపత్రి నుంచండీ. మూత్రంలో మంట మొదలైందా?" అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా అడిగింది. లేదన్నాడు. తెల్లారేసరికి మొదలైంది. మరో రాత్రి ఎడమ తుంటిలో నొప్పి ఉందా అని అడిగింది. మర్నాడు కుట్టుమిషను ముందు నుంచి లేవలేకపోయాడు. ఈవిడ జబ్బుని ముందే కనిపెడుతోందా, లేక అంటగడుతోందా అని అతనికి అనుమానం పట్టుకుంది.

ఆసుపత్రికి వెళ్లి నిలదీశాడు.

"మావాళ్లెవరూ ఫోన్లు చెయ్యరండీ. మీ రక్తపరీక్ష కూడా బాగానే ఉందిగా!" అని నవ్వేశాడు డాక్టరు.

ఆ రాత్రి ఇంట్లో ఫోను మోగితే దర్జీ తియ్యలేదు. అది ఆగలేదు. "చెవులు చిల్లులు పడుతున్నాయి, తియ్యరేం?" అని విసుక్కుంటూ భార్య వచ్చి అందుకుంది.

"ఎవరే?" అన్నాడు.

ఆమె వింటూ వింటూనే మెల్లగా తల తిప్పి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు భర్తని చూసింది.

"లేదండీ," అంది గొంతు తగ్గించి. "ఇంకా ఇక్కడే కూర్చుని ఉన్నారు."