అవతలి గొంతు

నవ్వుతూ నవ్వుతూ భర్త ఠక్కున ఆగిపోయాడు.

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. పెళ్ళయి నెల తిరగలేదు. కిటికీకి కొత్త తెర, బల్ల మీద జంట కప్పులు, పళ్ళెంలో కోసిన ఆపిల్ ముక్కలు, ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో మొగుడు. మామూలుగా ఈ వేళకి బడిలో ఉండాల్సిన మనిషి. "ఇవాళ మొదటి పీరియడ్‌కి నేను వెళ్ళక్కర్లేదోయ్" అన్నాడు లేవగానే. ఎందుకని కూడా ఆమె అడగలేదు. దొరికిందే చాలనుకుంది.

అతను ప్రభుత్వ బడిలో మాస్టారు. పదో తరగతి పిల్లలకి రేపు బతుకుతెరువుకి పనికొచ్చే పనులు నేర్పిస్తాడు. కుట్టుపని, కరెంటు పని, ఫోనెత్తి తడబడకుండా మాట్లాడే పని. ఆ పిల్లల కబుర్లు లేనిదే ఈ ఇంట్లో ఫలహారం ముగియదు.

ఇవాళ్టి కబురు గుసగుస గురించి. ఆ పిల్లకి బళ్ళో పడిపోయిన పేరది. నోరు తెరిస్తే పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడదు.

"ఇవాళ పరీక్ష. ఆ పిల్ల తప్పడం ఖాయం" అన్నాడతను. "నన్ను చూస్తేనే గజగజ వణుకుతుంది. రేపట్నించి కుట్టుమిషను దగ్గర కూర్చోబెట్టేస్తా."

"పాపం, మీ మీసం చూసి జడుసుకుంటోందేమో! ఇంకో అవకాశం ఇవ్వండి మాస్టారూ."

"ఎలా మాట్లాడుతుందో చూడు" అంటూ ఆపిల్ ముక్క నోట్లో వేసుకున్నాడు. భుజాలు ముడుచుకుని, గొంతు పీలగా చేసి ఏదో అనబోయాడు. ఇద్దరికీ నవ్వాగలేదు.

అప్పుడే అతని నవ్వు తెగిపోయింది.

"చాల్లెండి వేషాలు" అందామె.

అతను గొంతు పట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గు రాలేదు. మాట రాలేదు. మొహం కందిపోయింది.

"ఏవండీ!"

నీళ్ళ గ్లాసు అందిస్తే తోసేశాడు. ఆమె తలుపు తీసి కేకేసింది. ఎదురింటికి తాళం. మెట్ల మీద ఎవరూ లేరు. పరుగున లోపలికొస్తే బల్ల మీద అతని ఫోను కనిపించింది. తెరిస్తే అన్నిటికంటే పైన 'అంబులెన్స్' అని ఉంది. ఎంత ముందుచూపు ఈ మనిషికి, అనుకుంది ఆ కంగారులోనూ. నొక్కింది.

ఒక్క రింగుకే ఎత్తారు.

"అంబులెన్స్ సేవ. చెప్పండి, ఏం జరిగింది?" ఆడగొంతు. కొంచెం కూడా తొణకలేదు.

"మా ఆయన... ఆపిల్ ముక్క... ఊపిరాడట్లేదు... త్వరగా రండి!"

"వస్తారు. ఈలోగా నేను చెప్పినట్టు చేయండి. ఫోను స్పీకర్లో పెట్టి కింద పెట్టేయండి. ఆయనకి దగ్గు వస్తోందా?"

"లేదు! చచ్చిపోతారండీ!"

అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఎవరే ఆ నవ్వేది? ఇక్కడ నా మొగుడు పోతుంటే మీకు ఎగతాళిగా ఉందా?"

"ఉష్! నోర్ముయ్యండి!" ఆ గొంతు అటువైపు ఎవరినో కసిరింది. మళ్ళీ ఇటు తిరిగింది. "మీరు నా మాట ఒక్కటే వినండమ్మా. ఆయన్ని ముందుకి వంచండి. వీపు మీద, రెండు భుజాల మధ్య, అరచేత్తో గట్టిగా చరచండి. జాలిపడకండి."

చరిచింది. గాజులు పగిలాయి. ముక్క కదల్లేదు.

"రావట్లేదు!"

"అయితే ఆయన వెనక నిలబడండి. నడుం చుట్టూ చేతులు వేయండి. బొడ్డుకి కాస్త పైన పిడికిలి ఆనించి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని, లోపలికీ పైకీ గుంజండి."

"నాకు అందట్లేదు! ఆయన పొడుగు!"

"మోకాళ్ళ మీద కూర్చోబెట్టండి."

కూర్చోబెట్టే పని లేకపోయింది. అతనే కూలబడ్డాడు. ఆమె వెనకనుంచి వాటేసుకుంది. ఈ నెల్లో అలా ఎన్నిసార్లు వాటేసుకుందో లెక్కలేదు. పొయ్యి దగ్గర, అద్దం ముందు, ఊరికే. ఇప్పుడు పిడికిలి జారుతోంది. గుంజింది. మళ్ళీ గుంజింది. అతని పెదాలు నీలంగా మారాయి. తల ఆమె భుజం మీదికి వాలిపోతోంది.

"నావల్ల కాదు..."

"అవుతుంది. ఆపొద్దు. చేతులు పడిపోయినా ఆపొద్దు. నేనిక్కడే ఉన్నాను. ఊఁ, ఇంకోసారి!"

ఆమె కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని గుంజింది.

ఆపిల్ ముక్క ఎగిరొచ్చి బల్ల మీది కాఫీ కప్పుకి తగిలింది.

రంపం కోసినట్టు ఒక మోత. అతను ఊపిరి పీలుస్తున్న మోత. అంత కమ్మని చప్పుడు ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నేలమీద అలాగే చతికిలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"అమ్మా, ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది తల్లీ, ఆడుతోంది! నీ కడుపు చల్లగుండ!"

అతను పాక్కుంటూ ఫోను దగ్గరికి వెళ్ళాడు. మొహమంతా చెమట. గొంతు పెగుల్చుకున్నాడు.

"ఎవరు తల్లీ నువ్వు?"

అవతలి గొంతు ఒక్కసారిగా సన్నబడిపోయింది. ఫోనుకి చెవి ఆనిస్తేగానీ వినపడలేదు.

"నేను సార్... గుసగుసని... ఎప్పట్లా మీరే పేషెంటులా మన క్లాసు ఫోనుకి చేస్తారని క్లాసంతా కాచుక్కూర్చుంటే మేడమ్‌తో చేయించారు, ఆవిడ భలే నటించారు సార్, నేను పాసయినట్టేనా?"