మా ఆవిడ మాట

“ముసలాళ్ళ వసతి గృహమా? మా వీధిలోనా? అన్నీ అమర్చిపెట్టేందుకు ఇళ్ళల్లో పెళ్ళాలు లేరా?” అభిప్రాయ సేకరణ సభలో మైకు మింగేసేలా అరిచాడు కాలనీ ప్రెసిడెంటు. పొద్దున చెప్పులు కూడా పెళ్ళాం చేత తొడిగించుకుని వచ్చిన పెద్దమనిషి!

“ఇంకెవరైనా మాట్లాడతారా?” ప్లానింగ్ అధికారి అడిగాడు.

“మా ఆవిడ చెబుతుంది. నా మాటే ఆవిడ మాట.” గంగిరెద్దులా తలూపడం తప్ప ఆవిడకేం తెలుసని, ధీమాగా మైకు భార్య చేతిలో పెట్టాడు ప్రెసిడెంటు.

ఆవిడ గొంతు సవరించుకుంది. “అక్కడ వంటావార్పూ అంతా పనివాళ్ళే చూసుకుంటారా బాబూ?”

“అవునమ్మా.”

“అయితే అనుమతి ఇచ్చేయండి.”

ప్రెసిడెంటు మైకు కోసం చెయ్యి చాచాడు.

అధికారి నవ్వాడు. “ప్లానులో దంపతులకి పెద్ద గదులు కూడా ఉన్నాయమ్మా.”

ఆవిడ మొగుడి వంక ఓసారి చూసి, మైకు దగ్గరికి లాక్కుంది.

“పెద్దది వద్దు బాబూ. నాకొక్కదానికి సరిపోతే చాలు.”