నడుమెత్తు గీత

గోడమీద మట్టిగీత ఇంకా ఆరనే లేదు, గేటు చప్పుడైంది. వనజ చీపురుకట్టను తలుపు వెనక పడేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

తెల్లమీసాలు, జేబులో రెండు పెన్నులు, చంకలో ఫైలు. అరవై దాటిన మనిషి.

“శంకరవ్వ ఇల్లు ఇదేనామ్మా? ఇల్లు చూడనీకి వచ్చిన.”

“ఎరికే సార్. రండ్రి.”

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. వనజ వినకుండా లోపలికి దారితీసింది. ఇల్లు కొనవచ్చేవాళ్లకు మాట్లాడే సందివ్వకూడదని ఆమె మొదటి రెండుసార్లలోనే నేర్చుకుంది.

బాసరలో ఇప్పుడు ఇళ్లన్నీ ఇట్లాగే చేతులు మారుతున్నాయి. పొద్దున్నే గోదావరి స్నానం, పక్కనే గుడి, కూతవేటు దూరంలో రైల్వేస్టేషన్. ఉద్యోగం అయిపోయినవాళ్లకు ఇంకేం కావాలి? వాళ్ల ఒక నెల పింఛను, గుడి ముందు పలకలూ బలపాలూ అమ్మే తన మొగుడు హనుమంతు మూడు నెలల సంపాదన. వసంత పంచమికి మాత్రం అతనూ మూడు రోజులు శ్రీమంతుడే. నాలుగు వేల కిరాయికి ఉన్న ఈ రెండు గదులు పోతే, ఆ ధరకు ఈ ఊళ్లో దొరికేది మేకల కొట్టమే. వేరే ఊరికి పోదామంటే, తెల్లవారుజామున అక్షరాభ్యాసాల వేళకు కొట్టు తెరిచేదెవరు?

హనుమంతు ఏమీ పట్టనట్టే ఉన్నాడు. రెండేళ్ల కింద ముధోల్ రోడ్డులో జాగ కొంటున్నానని వాడంతా చెప్పుకున్నాడు. అది కాలేదు. “ఇగ కాగితం చేతికొచ్చినంకనే నోరు తెరువు” అని వనజ ఆంక్ష పెట్టింది. అప్పటినుంచి ఇల్లన్న మాటే ఎత్తడు. మొన్న ఆమె ఆధార్ కార్డు పట్టుకుపోయి రెండు రోజులకు తెచ్చిచ్చాడు. ఎందుకంటే, “సిమ్ము కోసం” అన్నాడు.

అందుకే వనజ తన పద్ధతేదో తనే చూసుకుంది. మొదట వచ్చిన రిటైర్డ్ తహసీల్దారు దంపతులకు స్నానాలగదిలో పాము కుబుసం చూపించింది. ఆవిడ గేటు దాకా పరుగెత్తింది. ఆయన ఆవిడకన్నా ముందే చేరాడు. నాందేడ్ నుంచి వచ్చిన లెక్చరరుకు, అరగంట ముందు చెంబెడు నీళ్లు కొట్టిన గోడను తాకించి, చెమ్మ అని చెప్పింది.

నిన్న ఇంటి ఓనరు శంకరవ్వ వచ్చింది. “రేపొక సారు వస్తడు. ఇల్లు మంచిగ చూపియ్యి బిడ్డా. నెలాఖరుకల్ల తేలిపోతది” అంటూ ముసిముసిగా నవ్వింది. గట్టి బేరమే తగిలిందనుకుంది వనజ. గట్టి బేరానికి చెంబెడు నీళ్లు చాలవు. పొద్దున్నే గోదావరి నుంచి బకెట్టెడు ఒండ్రుమట్టి తెచ్చుకుంది.

“ఈ గీత ఏందమ్మా?” అన్నాడాయన, ముందుగది గోడ దగ్గర ఆగి.

“నిరుడు గోదారి గీడిదాక వచ్చింది సార్. బియ్యం డబ్బాలు తేలినయ్.”

ఈ వీధి మొహం గోదావరి ఏనాడూ చూడలేదు. ఆయన గీతమీద వేలు పెట్టి రుద్దాడు. వేలికి మట్టి అంటింది.

“ఇంక తడే ఉన్నది.”

వనజ చప్పున అందుకుంది.

“గదే సార్ మా గోస. ఏడాదైనా ఆరదు.”

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత టేపు తీసి గీత ఎత్తు కొలిచాడు. “మూడడుగుల రెండంగుళాలు” అని రాసుకున్నాడు. ఫొటో తీశాడు. నాలుగు వైపులా తిరిగి గోడలు తట్టాడు, స్లాబు చూశాడు. వంటగది ఏ మూలనుందని గానీ, గుడికి ఎంతదూరమని గానీ అడగలేదు.

“మీరేం పని చేసిన్రు సార్?”

“ఇంజనీరుగ రిటైరైన. మీ ఆయన ఏం చేస్తడు?”

“పలకలమ్ముతడు.”

“మంచిగనే మిగులుతదా?”

ఇల్లు కొన్నాక కిరాయి పెంచే ఎత్తు అనుకుంది వనజ.

“ఏం మిగులుతది సార్. ఇప్పటి పోరగాండ్లు ఫోన్ల మీదనే దిద్దుతున్నరు. నెల కిరాయికే పరేషాన్.”

ఆయన ముందు రాసుకున్నదేదో కొట్టేసి, ఇది రాశాడు. పెన్ను మూతపెట్టకుండా ఆగాడు.

“అమ్మా, నేను ఒక్కసారి రాసిస్తే మళ్ల మార్చరాదు. చెప్పినవన్ని నిజమేనా?”

“అబద్ధమాడితే నాకేమొస్తది సార్?” అంది వనజ. ఒట్టు మాత్రం వేయలేదు. సరస్వతమ్మ నాలుగు వీధుల అవతలే ఉంది మరి.

“ఇల్లు చూడవోతె ఇట్ల చెప్పేటోళ్లను నేనింతదాక చూడలే” అన్నాడాయన. పెన్ను మూతపెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం హనుమంతు ఎన్నడూ లేనిది తొందరగా వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం, మొహం నిండా నవ్వు.

“ఎవలన్న వచ్చిండ్రా?”

“వచ్చిండు, పోయిండు,” అంది వనజ, ఇంక దాచుకోలేక. “మూడో బేరం. ఇగ ఈ ఇంటి దిక్కు చూడడు.” గోడమీది గీత చూపించి, కుబుసం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. “నీ గిరాకీ గురించి సుత జర తగ్గించే చెప్పిన. కిరాయి పెంచుతడేమోనని.”

హనుమంతు నవ్వు సగంలో ఆగింది. గీత దగ్గరికి వెళ్లి వేలితో తుడిచాడు. పోలేదు, ఆరిపోయింది.

“తెల్లమీసాలాయనా?”

“అవ్.”

“టేపు పట్టి కొలిచిండా?”

“కొలిచిండు, రాసుకున్నడు, ఫొటో సుత తీసిండు. అయితే ఏంది?”

హనుమంతు జిలేబీ పొట్లం కిటికీలో పెట్టి, గోడకానుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

“ఆయన ఈ ఇల్లు కొననీకి పెట్టిన మన లోనుకు బ్యాంకోళ్లు పంపిన ఇంజనీరే, వనజా.”