కుదురుగా కూర్చోవడం

మా తమ్ముడు పరుగుపందేల కోచ్. జ్వరం పూర్తిగా తగ్గకముందే మైదానానికి వెళ్లి, అక్కడే కూలబడ్డాడు.

"వైరస్ గుండె కండరాన్ని దెబ్బతీసింది. ఆరు నెలలు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. పరిగెత్తితే ప్రాణానికే ముప్పు," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి నా పక్కన కుర్చీలో కూలబడ్డాడు. కాళ్లు మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

"నీ ప్రార్థనల వల్ల ఏం ఒరిగిందక్కా? ఇన్నేళ్లూ దేవుణ్ణి ఏం అడిగావసలు?"

"నీ గురించేరా."

"నా గురించా? ఏమని?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు.

"వీడు కాస్త ఒక్కచోట కుదురుగా కూర్చునేలా చూడు తండ్రీ, అని."

వాడు గుడ్లప్పగించి చూశాడు. ఊపుతున్న కాళ్లు ఆగిపోయాయి.

"నీకు దండం పెడతానక్కా, ఇక నా గురించి ఏమీ అడక్కు!"

"అలా అనకురా. రేపట్నుంచి ఇంకాస్త వివరంగా అడుగుతాను."