పిచ్చుక పేరు చెబితే

"సొరంగం రెండో భాగానికి పదికి నాలుగు," అని పైకి చదివి కంపెనీ యజమాని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఆరో సమీక్ష. ఆరూ ఇదే పాట."

ఆ కంప్యూటర్ ఆట తయారుచేసినామె ఎదురు కుర్చీలో కూర్చుని ఉంది. మూడేళ్ల చాకిరీ. అట్ట మీద తన సొంత పేరే ఉండాలని పట్టుబట్టి మరీ వేయించుకుంది. సమీక్ష రాసిన పెద్దమనిషి ఆ పేరు ఒక్కసారైనా తలవలేదు. నిండా పిచ్చుక భజనే.

పదిహేనేళ్ల కిందట సొరంగం మొదటి భాగం చేసింది పిచ్చుక. ఇంట్లో కూర్చుని ఆటలు చేసేవాళ్లంతా మారుపేర్లు పెట్టుకునే రోజులవి. ఆ మనిషిని అభిమానులు చూడలేదు, పాత కంపెనీ దగ్గర హక్కులు కొన్న ఈ యజమానీ చూడలేదు. చూడకపోబట్టే దేవతైపోయింది. పాత ఒక రోత, కొత్త ఒక వింత అన్నవాళ్లెవరో ఆటల సమీక్షలు చదివి ఉండరు.

"ఇది వినమ్మా," అంటూ యజమాని మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. "'మొదటి భాగంలో మూడో మలుపు దగ్గర లాంతరు ఒక్క క్షణం ఆరిపోతుంది. ఆ చీకట్లో భయపడి మా అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను. అదీ కవిత్వమంటే! కొత్తదాంట్లో లాంతరు ఆరదు. ప్రాణం లేదు.'"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కవిత్వం కాదు సర్, తప్పు! లెక్క కుదరక ఆరిపోయేది. దాన్ని సరిచెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది."

"సరిచెయ్యమని ఎవరడిగారు?"

పిచ్చుక తప్పు చేస్తే కవిత్వం. తను ఒప్పు చేస్తే ప్రాణం లేదు. సవతి మీద కూడా ఇంత కడుపుమంట ఉండదేమో. ఆ పిచ్చుకకు గడువుల్లేవు, నడుంనొప్పి లేదు, నెత్తిమీద యజమాని లేడు. అలాగైతే ఎవరైనా కవిత్వం రాస్తారు అనుకుంది.

"మూడో భాగం నాకే ఇస్తానన్నారు," అంది.

"అన్నాను. కానీ పిచ్చుక చేస్తే తప్ప కొనేవాడు లేడు. పాత ఆట చివర ఆవిడ ఈమెయిల్ ఉంది. నువ్వే రాయి, కాస్త వినయంగా."

"ఆవిడొస్తే మరి నేను?"

"పక్కన కూర్చుని నేర్చుకో."

ఆమె కంప్యూటర్ ముందుకు జరిగింది. యజమాని వెనకే వచ్చి నిలబడ్డాడు. పళ్లు కొరుక్కుంటూ ఒక్కో మాటా కొట్టింది: "పిచ్చుక గారికి నమస్కారం. మీ అంత బాగా చెయ్యడం మాకు చేతకాలేదు. దయచేసి రండి."

యజమాని చదివి తలూపాడు. ఆమె పంపింది.

మరుక్షణం ఆమె చేతిసంచిలో ఫోన్ టింగుమంది, పిచ్చుకకు ఉత్తరం వచ్చిందని.